అమ్మానాన్నలు అమెరికా వస్తున్నప్పుడు ట్రావెల్ ఇన్సూరెన్స్ ఎలా ఎంచుకోవాలి?

యూరప్‌కు షెంగెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల మెడికల్ కవరేజీ ఉన్న పాలసీ చూపించాలి. అమెరికా విజిటర్ వీసాకు అలాంటి షరతు లేదు. ఎవరూ అడగరు కాబట్టి చాలా ఇళ్లల్లో ఈ పని ప్రయాణానికి ముందురోజు వరకూ వాయిదా పడుతుంది. చివరికి ఏ పాలసీ చవగ్గా ఉంటే అది కొనేస్తారు. వైద్యం ఖర్చు అన్నిటికంటే ఎక్కువగా ఉండే దేశానికి ఇలా వెళ్లడం నాకు చాలా బాధనిపిస్తుంది.

అక్కడి సీనియర్ సిటిజన్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ విజిటర్లకు వర్తించదు. కొడుకో కూతురో పనిచేసే కంపెనీ ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులను చేర్చే వీలు సాధారణంగా ఉండదు. డబ్బు లేదన్న కారణంతో ఎమర్జెన్సీ కేసును ఆసుపత్రి వెనక్కి పంపకూడదని 1986 నాటి చట్టం ఉంది. ప్రాణం నిలబెడతారు, సందేహం లేదు. బిల్లు మాత్రం తర్వాత ఇంటికి వస్తుంది.

1. ముందు ఆరోగ్యం సంగతి కాగితం మీద రాయండి

ధరలు చూడకముందే చేయాల్సిన పని ఇది. షుగర్, బీపీ, థైరాయిడ్, స్టెంట్, మోకాలి ఆపరేషన్, రోజూ వేసుకునే మాత్రలు అన్నీ రాయండి. అడిగితే పెద్దవాళ్లు “నాకేం లేదురా, ఊరికే ఒక బీపీ మాత్ర వేసుకుంటా అంతే” అంటారు. క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీవాళ్లు ముందు అడిగేది ఆ మాత్ర గురించే. అందుకని మాత్రల డబ్బా తెరిపించి, స్ట్రిప్పుల మీద పేర్లు చూసి రాసుకోండి. దరఖాస్తులో జబ్బుల గురించి అడిగితే ఏదీ దాచొద్దు. దాచినట్టు తేలితే క్లెయిమ్ మొత్తం పోవచ్చు.

2. ఇండియాలో కొనాలా, అమెరికాలో కొనాలా?

ఇండియా పాలసీల ప్రీమియం సాధారణంగా తక్కువే. రూపాయల్లో కట్టొచ్చు, సామాను పోయినా పాస్‌పోర్టు పోయినా కొంత కవరేజీ ఉంటుంది. ఫిర్యాదు ఉంటే ముందు కంపెనీకి, అక్కడ తేలకపోతే బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి, అంటే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు. అయితే 60 దాటినవాళ్లకు చాలా ప్లాన్లలో గదికి ఇంత, సర్జరీకి ఇంత అని ఉపపరిమితులు పెడతారు. పైన పెద్ద అక్షరాల్లో కనిపించే మొత్తం చూసి సంతోషపడకుండా ఆ పట్టిక అడిగి తీసుకోండి. దేశం దాటకముందే కొనాలన్నది మరో షరతు.

అమెరికా విజిటర్ ప్లాన్లను చాలావరకు అక్కడ దిగాక కూడా కొనొచ్చు. కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల నెట్‌వర్క్ ఉంటుంది కాబట్టి బిల్లు నేరుగా కంపెనీకే పంపే అవకాశం ఎక్కువ. అమ్మానాన్నల వయసు 60 దాటి, నెలల తరబడి ఉండబోతుంటే నేను అమెరికా ప్లానే తీసుకోమంటాను. పది రోజుల టూర్ అయితే మంచి ఇండియా పాలసీ సరిపోతుంది.

3. ఫిక్స్‌డ్ ప్లానా, కాంప్రహెన్సివ్ ప్లానా?

అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. ఫిక్స్‌డ్ ప్లాన్‌లో ఒక్కో సేవకు ఇంతే అని ముందే రాసి ఉంటుంది. డాక్టర్‌ను చూస్తే ఇంత, ఆసుపత్రిలో రోజుకు ఇంత. బిల్లు ఎంతైనా ఆ పట్టికలో ఉన్నదే ఇస్తారు. కాంప్రహెన్సివ్ ప్లాన్‌లో మీ వాటా పోగా మిగిలింది పాలసీ పరిమితి దాకా కంపెనీ భరిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. నాన్నగారు మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, బిల్లు 30,000 డాలర్లు అయిందనుకోండి. కాంప్రహెన్సివ్ ప్లాన్‌లో డిడక్టబుల్, అంటే కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టకముందు మీరు కట్టాల్సిన మొత్తం, 250 డాలర్లు, ఆ తర్వాత మొదటి 5,000లో 80 శాతం, ఆపైన పూర్తిగా కంపెనీది అనుకుందాం. మీరు కట్టేది 250 ప్లస్ 5,000లో 20 శాతం అంటే 1,000, మొత్తం 1,250. అదే ఫిక్స్‌డ్ ప్లాన్ పట్టిక ప్రకారం గది, డాక్టర్, పరీక్షలు అన్నీ కలిపి 9,000 వచ్చిందనుకుంటే, మిగతా 21,000 డాలర్లు మీ జేబులోంచే. ప్రీమియంలో మిగిల్చుకున్న కొద్దిపాటి డబ్బు దీని ముందు ఏపాటిది?

4. పాత జబ్బుల గురించి ఏం రాశారో చదవండి

పాలసీ పత్రంలో ఒక్క పేజీయే చదివే ఓపిక ఉంటే ఈ పేజీ చదవండి. చాలా ప్లాన్లు పాత జబ్బులకు మామూలు చికిత్స ఇవ్వవు. షుగర్ చెకప్, బీపీ మాత్రలు, డయాలసిస్ లాంటివి లెక్కలోకి రావు. కొన్ని ప్లాన్లు మాత్రం ‘అక్యూట్ ఆన్‌సెట్’ కవరేజీ ఇస్తాయి. అంటే పాత జబ్బే ఏ ముందస్తు లక్షణమూ లేకుండా హఠాత్తుగా ముదిరితే, సాధారణంగా 24 గంటల్లోపు చికిత్సకు వెళ్తే డబ్బు ఇస్తారు. బీపీ ఉన్న మనిషికి ఉన్నట్టుండి గుండెపోటు రావడం ఇందులోకి రావొచ్చు. రెండు రోజులుగా ఛాతీలో నొప్పిగా ఉన్నా “గ్యాస్ అయ్యుంటుంది” అని ఊరుకుంటే రాకపోవచ్చు. ఈ సంగతి అమ్మానాన్నలకు కూడా విడమర్చి చెప్పండి. పిల్లలకు ఖర్చవుతుందని నొప్పి దాచుకునే అలవాటు మనవాళ్లకు ఎక్కువ.

ఈ కవరేజీకి వయసు పరిమితి ఏమిటో, గరిష్ఠంగా ఎంత ఇస్తారో కూడా చూడండి. చాలాసార్లు అది పాలసీ మొత్తం కన్నా తక్కువ.

5. మొత్తం, డిడక్టబుల్, తేదీలు

70 లోపువారికి 1,00,000 డాలర్లకు తగ్గకుండా చూడండి. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా 80 దాటాక, దొరికే పరిమితి బాగా తగ్గిపోతుంది. డిడక్టబుల్ పెంచితే ప్రీమియం తగ్గుతుంది. అయితే అది పాలసీ కాలం మొత్తానికి ఒకసారా, లేక జబ్బు చేసిన ప్రతిసారీ కట్టాలా అన్నది కనుక్కోండి. విమానం ఎక్కే రోజు నుంచే పాలసీ మొదలయ్యేలా తీసుకోండి, దారిలో దోహాలోనో దుబాయ్‌లోనో దిగాల్సి వస్తుంది కదా. ఉండే కాలం పొడిగించవచ్చనుకుంటే రెన్యువల్ సౌకర్యం ఉన్న ప్లాన్ తీసుకుని, గడువు ముగియకముందే పొడిగించండి. గడువు దాటాక కొత్త పాలసీ కొంటే, మధ్యలో వచ్చిన జబ్బు కూడా పాత జబ్బు అయిపోతుంది.

6. ఒంట్లో బాగోలేనప్పుడు

ప్రాణం మీదికి వస్తే అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కు ఫోన్ చేయండి, ఆ క్షణంలో నెట్‌వర్క్ గురించి ఆలోచించొద్దు. జ్వరం, విరేచనాలు, చిన్న బెణుకు లాంటివాటికి మాత్రం ఎమర్జెన్సీ రూమ్‌కు పరుగెత్తకుండా నెట్‌వర్క్‌లో ఉన్న అర్జెంట్ కేర్‌కు, అంటే చిన్న సమస్యలను వెంటనే చూసే క్లినిక్‌కు వెళ్లండి. ఖర్చు చాలా తగ్గుతుంది. దగ్గర్లోని రెండు మూడు సెంటర్ల పేర్లు వాళ్లు రాకముందే రాసి, పాలసీ కార్డు ఫొటోతో పాటు ఫ్రిజ్ మీద అంటించండి. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు టెన్షన్ తగ్గుతుంది.

ఆసుపత్రిలో చేరిస్తే వీలైనంత త్వరగా పాలసీ కంపెనీకి ఫోన్ చేయండి. ఆసుపత్రి, డాక్టర్, ల్యాబ్, అంబులెన్స్ బిల్లులు విడివిడిగా వస్తాయి, కొన్ని నెలల తర్వాత కూడా. ప్రతిదానికీ వివరంగా విడగొట్టిన బిల్లు అడగండి. పాస్‌పోర్టు కాపీ, బోర్డింగ్ పాస్‌లు దాచిపెట్టండి. అమ్మానాన్నలు ఇండియాకు బయల్దేరే ముందే, వాళ్ల తరఫున మీరు కంపెనీతో మాట్లాడేందుకు అనుమతి పత్రం మీద సంతకం చేయించుకోండి. పాలసీ వాళ్ల పేరు మీద ఉంటుంది కాబట్టి, ఆ సంతకం లేకపోతే క్లెయిమ్ ఎంతవరకు వచ్చిందో కూడా మీకు చెప్పరు.