ఇంజన్ స్వాప్‌లో జాగా లేని చోట ఆయిల్ ఫిల్టర్ ఎలా ఎంచుకోవాలి?

ఒక బండి ఇంజన్ తెచ్చి ఇంకో బండిలో కూర్చోబెట్టేటప్పుడు అందరి బుర్రా మౌంట్లు, గేర్‌బాక్సు, వైరింగ్ చుట్టూనే తిరుగుతుంది. ఆయిల్ ఫిల్టర్ సంగతి చివర్లో గుర్తొస్తుంది. అప్పటికే స్టీరింగ్ షాఫ్టు ఒకవైపు, ఎగ్జాస్ట్ పైపు ఇంకోవైపు బిగిసిపోయి మధ్యలో చెయ్యి కూడా దూరని సందు మిగిలి ఉంటుంది. పార్ట్స్ షాపుకెళ్లి ఫిల్టర్ అడిగితే కౌంటర్లో అతను ఇంజన్ పేరు కంప్యూటర్లో కొట్టి ఒక డబ్బా చేతిలో పెడతాడు, పాపం అతని తప్పేం లేదు, కానీ ఆ డబ్బా ఆ ఇంజన్ మొదట ఏ బండిలో వచ్చిందో దాని కొలతల ప్రకారం చేసింది. మీ బండిలో దాని చుట్టూ ఉన్న సామానంతా వేరు. స్వాప్ చేసిన బండికి ఫిల్టర్ వెతికేటప్పుడు బండి పేరు, ఇంజన్ పేరు రెండూ పక్కన పెట్టి, ఫిల్టర్ బిగిసే చోటును కొలవాలి.

ఉదాహరణకి అమెరికాలో బాగా నడిచే స్వాప్ ఒకటి తీసుకుందాం. జనరల్ మోటార్స్ (జీఎం) ఎల్ఎస్ కుటుంబంలోని వీ8, అదే షెవ్రొలే సిల్వరాడో ట్రక్కుల్లో వచ్చిన 5.3 లీటర్ల ఎల్ఎం7, దాన్ని పాత డాట్సన్ 240జెడ్ లాంటి చిన్న కారులో పెడతారు. అక్కడ సొంత గ్యారేజీ ఉండి వీకెండ్‌లో చేతులకి గ్రీజు పూసుకునే మనవాళ్లకి ఇది ఎక్కువ పనికొస్తుంది. ఇండియాలో అయితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది కాబట్టి ఆర్టీవో అనుమతి లేకుండా ఇంజన్ మారిస్తే ఫిల్టర్ కన్నా పెద్ద టెన్షనే మొదలవుతుంది.

ముందు ఆయిల్ ప్యాన్ ఏదో తేల్చుకోండి

ఎల్ఎస్‌లో ఫిల్టర్ ఇంజన్ బ్లాక్‌కి బిగించరు, ఆయిల్ ప్యాన్‌కి బిగిస్తారు. మన మెకానిక్‌లు ఛాంబర్ అంటారే, దానికే. ప్యాన్ వెనక భాగంలో, ఎడమవైపు. ట్రక్కు ప్యాన్ చాలా లోతుగా ఉంటుంది, చిన్న కారు కింద అది నేలకి వేలాడుతుంది కాబట్టి స్వాప్ చేసేవాళ్లు దాన్ని తీసేసి 1998-2002 కమారో కారు ప్యాన్ గానీ, స్వాప్‌ల కోసమే తయారు చేసిన ప్యాన్ గానీ వేస్తారు. ప్యాన్ మారిందంటే ఫిల్టర్ కూర్చునే ఎత్తు మారుతుంది, ఒక్కోసారి ఫిల్టర్ ఎక్కే మర (థ్రెడ్) కూడా మారిపోతుంది. అందుకే ప్యాన్ ఖరారు కాకముందు ఫిల్టర్ కొనడం డబ్బు దండగ.

మర కొలవడం, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి

ఫిల్టర్ తిరిగి ఎక్కే బోలు గొట్టం ఉంటుంది, దాన్ని నిపుల్ అందాం. వెర్నియర్ క్యాలిపర్‌తో దాని బయటి వ్యాసం కొలిచి, పక్కన థ్రెడ్ గేజ్ ఆనించి చూడండి. కార్లలో ఎక్కువగా తగిలేవి నాలుగు. 3/4-16 (ముప్పావు అంగుళం వ్యాసం, అంగుళానికి 16 మరలు) అంటే 19.05 మిల్లీమీటర్లు, పాత ఫోర్డ్ 302 వీ8లూ చాలా టయోటాలూ దీన్నే వాడతాయి. ఎం20x1.5 (మరకీ మరకీ మధ్య 1.5 మిల్లీమీటర్లు) అంటే 20 మిల్లీమీటర్లు, హోండా, సుబారుల్లో కనిపిస్తుంది. 13/16-16 అంటే 20.6, మొదటి తరం ఎల్ఎస్‌లది ఇదే. ఎం22x1.5 అంటే 22, జీఎం 2007 ప్రాంతం నుంచి ఎల్ఎస్‌లని దీనికి మార్చింది. కొలిచినప్పుడు అంకె కాస్త తక్కువ రావడం మామూలే, మర అంచుల్ని కొంచెం కోసే ఉంచుతారు.

ఈ నాలుగింటికీ మధ్య తేడా ఎంత తక్కువో చూశారా, ప్రమాదమంతా అక్కడే ఉంది. పెద్ద మర ఉన్న ఫిల్టర్ చిన్న నిపుల్ మీదికి హాయిగా ఎక్కేస్తుంది. ఏసీడెల్కో కంపెనీ పీఎఫ్48 ఫిల్టర్‌ది ఎం22 మర, దాన్ని పాత 13/16 నిపుల్ మీద తిప్పితే తిరుగుతుంది, రబ్బరు రింగు ఆనాక బిగిసినట్టే అనిపిస్తుంది కూడా. చల్లటి ఉదయం స్టార్ట్ చేయగానే ఆయిల్ ప్రెజర్ ఒక్కసారి పెరిగితే మాత్రం కొనల దగ్గర మాత్రమే పట్టుకున్న ఆ మరలు పట్టు వదిలేస్తాయి, ఫిల్టర్ ఊడిపోయి ఆయిలంతా రోడ్డు మీద పోతుంది, డ్రైవరు గమనించేలోపు బేరింగులు అయిపోతాయి. పరీక్ష చిన్నదే. కొత్త ఫిల్టర్‌ని రెండు మూడు చుట్లు మాత్రమే తిప్పి, అటూ ఇటూ ఊపి చూడండి. కాస్త ఆట ఉండటం సహజం, కానీ వదులు పంటిలా టకటక కదిలితే అది మీ ఫిల్టర్ కాదు. మధ్యలో బిర్రుగా పట్టేసినా కాదు, బలవంతంగా పానా వేయొద్దు.

రబ్బరు రింగు ఆనే చోటు

మర సరిపోయినంత మాత్రాన పని అయిపోదు. ఫిల్టర్ నోటి దగ్గర రబ్బరు రింగు ఉంటుంది కదా, అది ప్యాన్ మీద నున్నగా చెక్కిన వలయంలో పూర్తిగా పడాలి. రింగుకి కొంచెం ఆయిల్ రాసి, చేత్తో ఆనేదాకా తిప్పి, మళ్లీ విప్పండి. ప్యాన్ మీద పడిన ఆయిల్ గుర్తు చూస్తే రింగు లోపలి అంచు, బయటి అంచు ఎక్కడ కూర్చున్నాయో తెలిసిపోతుంది. గుర్తు ఒకచోట తెగినా, నున్నటి భాగం దాటి బయటికి వెళ్లినా ఆ ఫిల్టర్ వదిలేయండి.

జాగా కొలవడం

ఇంజన్ బండిలోకి దిగాక, ఎగ్జాస్ట్ పైపులు, స్టీరింగ్ షాఫ్టు బిగించాక మాత్రమే ఈ కొలతలు తీయండి, ఇంజన్ స్టాండు మీద ఉండగా తీసినవి ఎందుకూ పనికిరావు. ప్యాన్ ముఖం నుంచి కిందికి ఎంత లోతు ఉంది, నిపుల్ మధ్య నుంచి చుట్టూ దగ్గరలో ఉన్న వస్తువు ఎంత దూరంలో ఉందో రాసుకోండి. ఆ రెండో కొలతలోంచి ముందు ఖాళీ తీసేసి, మిగిలినదాన్ని రెట్టింపు చేస్తే వచ్చేది మీకు పట్టే ఫిల్టర్ గరిష్ఠ వ్యాసం. స్టీరింగ్ షాఫ్టు లాంటి వాటికి కనీసం 12 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ పైపుకి 25 అయినా వదలడం నా పద్ధతి. పైపుకి అంతకన్నా దగ్గరైతే మధ్యలో వేడి ఆపే రేకు పెట్టక తప్పదు.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఇంజన్ కదలిక. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజన్ ఎడమవైపు పైకి లేస్తుంది, అడుగు భాగం ఎడమకి జరుగుతుంది, అంటే ఎడమవైపు కింద వేలాడే ఫిల్టర్ లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్ బండిలో సరిగ్గా స్టీరింగ్ షాఫ్టు వైపే వెళ్తుంది. రబ్బరు మౌంట్లు ఉంటే ఇది ఇంకా ఎక్కువ. అందుకే పిల్లలు ఆడుకునే మట్టి ముద్దని ఫిల్టర్‌కి, షాఫ్టుకి మధ్య అతికించి, బ్లాక్ ఎడమవైపుని పొడుగాటి రాడ్డుతో మౌంటు దగ్గర ఎత్తి వదలండి. నలిగిన ముద్ద ఎంత మందం మిగిలిందో అదే మీ అసలు జాగా.

ఫిల్టర్ పట్టడం వేరు, విప్పగలగడం వేరు. విప్పేటప్పుడు ఫిల్టర్ నిపుల్ పొడవంతా కిందికి దిగాలి, పక్క నుంచి చెయ్యి దూరాలి. బెల్టు పానాకి తిప్పే చోటు లేకపోతే అడుగు నుంచి టోపీలా తొడిగే పానా వాడండి, కాకపోతే దాని కిందా జాగా ఉండాలి. ఇంకోటి, ఫిల్టర్ అడుగు ప్యాన్ అడుగు కన్నా కిందికి రాకూడదు, వస్తే స్పీడ్ బ్రేకర్ ముందు దాన్నే తాకుతుంది.

కేటలాగులో వెతకడం

ఇప్పుడు చేతిలో మర, రింగు వ్యాసం, గరిష్ఠ పొడవు, గరిష్ఠ వ్యాసం ఉన్నాయి. విక్స్, మాన్ లాంటి కంపెనీల కేటలాగుల్లో ప్రతి ఫిల్టర్‌కీ ఈ కొలతలు ఇస్తారు. ఒకే మరలో పొట్టివి, పొడుగువి దొరుకుతాయి, ఉదాహరణకి పీఎఫ్48, పీఎఫ్63 రెండూ ఎం22 మరవే కానీ రెండోది పొడుగు. జాగా చాలకపోతే పొట్టిదే వేయండి, లోపల కాగితం తగ్గుతుంది కాబట్టి ఆయిల్ మార్చే గడువు కాస్త తగ్గించుకుంటే చాలు.

బైపాస్ వాల్వ్ కూడా చూడాలి. ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్ ఆగకుండా పక్కదారిన పంపేది ఇదే. పాత ఎల్ఎస్ ప్యాన్లలో ఇది ప్యాన్‌లోనే ఉంటుంది, తర్వాత వచ్చినవాటిలో ఫిల్టర్‌లోకి మారింది. మీ ప్యాన్‌లో నిపుల్ పక్కనే చిన్న స్ప్రింగు వాల్వ్ కనిపించకపోతే బైపాస్ ఉన్న ఫిల్టరే తీసుకోవాలి.

ఏదీ పట్టకపోతే

ఫిల్టర్‌ని వేరే చోటికి మార్చే రిమోట్ కిట్లు దొరుకుతాయి, ఫోర్డ్ 302కి అయితే ఎక్స్‌ప్లోరర్‌లో వచ్చిన 90 డిగ్రీల అడాప్టర్ ఉంది. నన్నడిగితే రిమోట్ కిట్ చివరి దారి, ఎందుకంటే గొట్టాలు, జాయింట్లు పెరిగినకొద్దీ లీకయ్యే చోట్లు పెరుగుతాయి. తప్పదంటే లావు గొట్టాలే వాడి, లోపలికి వెళ్లేది, బయటికి వచ్చేది తారుమారు కాకుండా రెండుసార్లు చూసుకోండి. తారుమారైతే ఫిల్టర్‌లోని రబ్బరు డయాఫ్రం (ఇంజన్ ఆగాక ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే పొర) మూసుకుని ఇంజన్‌కి ఆయిల్ అందదు. ఫిల్టర్‌ని అడ్డంగా గానీ తలకిందులుగా గానీ పెడుతున్నట్టయితే ఆ డయాఫ్రం సిలికాన్‌ది ఉన్నదే కొనండి, లేదంటే రాత్రంతా ఆయిల్ జారిపోయి పొద్దున్న స్టార్ట్ చేయగానే ఇంజన్ గరగరమంటుంది.

బిగించాక

పాత రబ్బరు రింగు ప్యాన్‌కి అతుక్కుని మిగిలిపోలేదని చూసి, కొత్త రింగుకి ఆయిల్ రాసి, ఆనాక డబ్బా మీద రాసినంతే బిగించండి, సాధారణంగా ముప్పావు చుట్టు. ఫ్యూయల్ పంపు ఫ్యూజు, ఇగ్నిషన్ ఫ్యూజు తీసేసి ఆయిల్ ప్రెజర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టి, తర్వాతే స్టార్ట్ చేయాలి. వేడెక్కాక ఆపి కింద టార్చి వేసి చూడండి, ఒక రౌండు కొట్టొచ్చాక మళ్లీ ఒకసారి. తర్వాత ఆ ఫిల్టర్ నంబరు, మర కొలత రెండూ బానెట్ లోపల పెయింట్ పెన్నుతో రాసిపెట్టండి, లేకపోతే వచ్చేసారి ఆయిల్ మార్చే మెకానిక్ బండి పేరు చూసి డాట్సన్ ఫిల్టర్ తెస్తాడు.