స్లాబు అడుగుకి ఎంత? అని అడిగే ముందు

"ఏమండీ, స్లాబు అడుగుకి ఎంత పడుద్ది?"

తెనాలి చుట్టుపక్కల చిన్న ఇళ్ళు కట్టించే పనిలో ఉన్న నాకు ఫోన్లో వచ్చే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే. నేను వెంటనే అంకె చెప్పను. ఎన్ని గదులు, హాలు ఎంత వెడల్పు, లారీ సందులోకి వస్తుందా అని ఎదురు అడుగుతాను. రేటు చెప్పమంటే ఇంటర్వ్యూ చేస్తున్నాడేంటి అని కొందరు చిరాకు పడతారు. అయినా అడగక తప్పదు. ఆ జవాబులు లేకుండా ఎవరైనా టక్కున అడుగు రేటు చెప్పారంటే, అందులో ఏవో కొన్ని పనులు లేవనే అనుకోండి.

ముందు అడుగులు ఎలా కొలుస్తారో తేల్చుకోండి. గోడల బయటి కొలత 1000 చదరపు అడుగులు అయితే స్లాబు కొలత అంతే ఉండదు. బాల్కనీ బయటికి వస్తుంది, కిటికీల మీద సజ్జలు ఉంటాయి, లోపల అటకలు ఉంటాయి, మెట్లు, వాటి మీద హెడ్‌రూమ్ ఉంటాయి. సజ్జని కొందరు అడుగుల్లో కలుపుతారు, కొందరు పొడవు లెక్కన విడిగా కడతారు. మెట్లకి చాలామంది వేరే రేటు చెబుతారు. ఏ పద్ధతైనా తప్పు కాదు. కానీ ఇద్దరు మేస్త్రీలు రెండు రకాలుగా కొలిస్తే వాళ్ళ అడుగు రేట్లను పక్కపక్కన పెట్టి చూడటంలో అర్థం లేదు.

అసలు తేడా అంతా మందంలో, ఇనుములో ఉంటుంది. 1000 అడుగుల స్లాబు ఐదు అంగుళాల మందంతో వేస్తే సుమారు 417 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది, అంటే 11.8 ఘనపు మీటర్లు. ఎం20 అనే బలం గ్రేడు కాంక్రీటుకి ఘనపు మీటరుకి ఎనిమిది బస్తాల లెక్కన చూస్తే 94, 95 బస్తాల సిమెంటు. అదే స్లాబు నాలుగున్నర అంగుళాలకి దిగితే 375 ఘనపుటడుగులే. అర అంగుళానికి తొమ్మిది, పది బస్తాల సిమెంటు, దానికి తగ్గ ఇసుక, కంకర మిగిలిపోతాయి. పోసేశాక ఆ అర అంగుళాన్ని ఎవరూ కనిపెట్టలేరు, అందుకే ముందే కాగితం మీద రాయించుకోమంటాను.

ఇనుము కథ కూడా ఇంతే. 8 ఎం.ఎం. రాడ్డు మీటరు బరువు 395 గ్రాములు. రెండు వైపులా ఆరు అంగుళాలకి ఒకటి చొప్పున కడితే 1000 అడుగులకి సుమారు 480 కిలోలు. ఐదు అంగుళాలకి ఒకటి కడితే దాదాపు 580. ఒక వైపు 8 ఎం.ఎం. బదులు 10 ఎం.ఎం. వేసి, ఆరు అంగుళాల దూరమే ఉంచితే 617 వరకు పోతుంది. అతుకులు, గోడల దగ్గర పైన వచ్చే రాడ్లు, వేస్టేజీ వీటిలో కలపలేదు. "ఇనుము మాదే, 8 ఎం.ఎం. వేస్తాం" అన్న మాటలో ఎంత దూరానికి ఒకటో లేకపోతే అక్కడే వంద కిలోల తేడా రావచ్చు.

ఎంత వేయాలన్నది మేస్త్రి ఇష్టం కాదు, మీ ఇష్టం కూడా కాదు. గది వెడల్పుని బట్టి ఉంటుంది. పది అడుగుల బెడ్రూముకి సరిపోయిన స్లాబు పదహారు అడుగుల హాలుకి సరిపోదు. అక్కడ మందం పెంచాలి, లేదా మధ్యలో బీము రావాలి. హాల్లో బీము కనపడకూడదు అని పట్టుబట్టేవాళ్ళు చాలామంది. పట్టుబట్టండి, దాని ఖర్చు కూడా అడగండి. బాల్కనీ నాలుగైదు అడుగులు బయటికి లాగితే ఇనుము పైభాగంలో ఉండాలి. కూలీలు తొక్కి దాన్ని కిందికి దించేయకుండా చైర్లు (రాడ్లని ఎత్తి నిలిపే ఇనుప కాళ్ళు) పెట్టాలి. అదీ ఖర్చే. స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గర డ్రాయింగు గీయించుకుంటే ఈ వాదనలన్నీ ఒక్క కాగితంతో పోతాయి.

బీములు రేటులో ఉన్నాయా లేవా అని తప్పకుండా అడగండి. తొమ్మిది అంగుళాల వెడల్పు, మొత్తం పదిహేను అంగుళాల లోతు ఉన్న బీములు ఇంటికి 120 అడుగుల పొడవు వచ్చాయనుకోండి. స్లాబు కిందికి దిగే పది అంగుళాలకే 75 ఘనపుటడుగుల కాంక్రీటు అదనం. పైగా బీములో ఇనుము స్లాబు కంటే చిక్కగా ఉంటుంది, రింగులు వంచే పని వేరే.

ఊరిని బట్టి కూడా రేటు మారుతుంది, అది రవాణా వల్ల మాత్రమే కాదు. ఇదే ప్లాను బాపట్ల దాటి సూర్యలంక వైపు కట్టమంటే నేను తెనాలి రేటు చెప్పను. కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణమైన ఐఎస్ 456 కోడు ప్రకారం మామూలు వాతావరణంలో ఎం20, 20 ఎం.ఎం. కవరు (రాడ్డుని కప్పి ఉంచే కాంక్రీటు మందం) చాలు. సముద్రపు గాలి నేరుగా తగిలేచోట ఎం30, 45 ఎం.ఎం. కవరు కావాలి. రాడ్డు కింద కాంక్రీటు 25 ఎం.ఎం. పెరిగిందంటే, బలం తగ్గకూడదంటే స్లాబు మందం కూడా దాదాపు అంగుళం పెరగాలి. పైగా సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు అని తట్టలతో కొలిచి కలిపే పద్ధతిని ఆ కోడు ఎం20 వరకే ఒప్పుకుంటుంది. ఎం30 అంటే మిక్స్ డిజైన్ (ఏది ఎంత కలపాలో పరీక్షించి తేల్చడం) చేయించాలి, లేదా ప్లాంటులో కలిపి బండిలో తెచ్చే రెడీమిక్స్ తెప్పించాలి. అక్కడ కవరు బ్లాకులకి బదులు కంకర రాళ్ళు పెట్టి ఇనుము ఎత్తేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఉప్పు గాలికి ఆ రాడ్లు తుప్పు పట్టి ఉబ్బి, పెచ్చులు ఊడిపోతాయి.

రెడీమిక్స్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. బండికి ఆరు ఘనపు మీటర్లు అనుకుంటే, పైన చెప్పిన స్లాబూ బీములూ కలిపి 14 దాకా వస్తాయి. మూడో బండి సగం కూడా నిండదు, దానికి లెక్క వేరే ఉంటుంది. పంపుకి కూడా "ఇంతకి తక్కువైతే రాము" అనే కనీస చార్జీ ఉంటుంది. అందుకే చిన్న స్లాబుకి మిల్లరు (సైటులోనే కాంక్రీటు కలిపే యంత్రం) గ్యాంగే నయం. కానీ రెండు వందల అడుగుల వంటగది స్లాబుకి అదే గ్యాంగు అడుగు రేటు ఎక్కువ చెబుతుంది. మిల్లరు, వైబ్రేటరు, మనుషులు ఒక పూటకి కదలాలంటే పెద్ద స్లాబైనా చిన్న స్లాబైనా వాళ్ళ ఖర్చు పెద్దగా తగ్గదు.

సరుకు ధరలు నా చేతిలో లేవు. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. అంతకు ముందు తీసుకున్న కొటేషన్ జేబులో పెట్టుకుని తిరుగుతుంటే మళ్ళీ రాయించుకోండి. "ఇసుక ఉచితం అన్నారుగా" అని కూడా అడుగుతారు. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఇసుకకి ధర లేదు, నిజమే. రీచ్‌లో, అంటే నదిలో ఇసుక తవ్వే చోట, ఎత్తే ఖర్చు, లారీ కిరాయి ఉన్నాయి. నదికి దూరమైన కొద్దీ ఆ కిరాయే ఇసుక ధర అవుతుంది. ఇనుము కిలో ఐదు రూపాయలు పెరిగితే టన్నుకి ఐదు వేలు. కాబట్టి మెటీరియల్‌తో కలిపి రేటు ఇచ్చేవాళ్ళ దగ్గర అది ఎన్ని రోజులు చెల్లుతుందో తేదీతో రాయించండి.

సెంట్రింగు (స్లాబు పోయడానికి కింద తాత్కాలికంగా కట్టే ఆధారం) రేటులో దాగి ఉండేది సమయం. షీట్లు, సరుగుడు బాదులు, జాకీలు మీ ఇంట్లో ఎన్ని రోజులు ఉంటే మేస్త్రికి అంత నష్టం, వేరే సైటుకి పోవు కదా. కోడు ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకి ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు, ఆరు మీటర్ల లోపు బీములకి పద్నాలుగు రోజులు ఆనింపు తీయకూడదు. అదీ ఓపీసీ (మామూలు పోర్ట్‌ల్యాండ్) సిమెంటుకి. ఎక్కువమంది వాడే పీపీసీకి (బూడిద కలిపిన సిమెంటు) ఇంకొన్ని రోజులు ఆగడం మంచిది. బాగా తక్కువ సెంట్రింగు రేటు చెప్పినవాణ్ణి "ఎన్నో రోజున విప్పుతావు?" అని అడిగి చూడండి, రహస్యం బయటపడుతుంది. రెండు అంతస్తుల ఎత్తు హాలు అయితే బాదుల మీద బాదులు నిలబెట్టాలి, ఆ భాగానికి రేటు పెరగడం న్యాయమే.

సందు ఇరుకైతే కంకర రోడ్డు మీద దింపి లోపలికి మోయాలి. సంక్రాంతి ముందు కూలీలు ఊళ్ళకి పోతారు, ఉన్నవాళ్ళు అడిగినంత ఇవ్వాలి. స్లాబు రోజు భోజనాలు, బక్షీసు ఎవరివో ముందే మాట్లాడుకోండి, కొబ్బరికాయ మాత్రం ఎటూ మీదే.

చాలా కొటేషన్లలో అసలు కనపడనిది పైన వాలు. స్లాబు చదునుగా పోస్తారు, నీళ్ళు పోవాలంటే తర్వాత దాని మీద వాలు తీయాలి. నూటికి ఒకటి చొప్పున తీసినా ముప్పై అడుగులకి మూడున్నర అంగుళాల తేడా. సగటున రెండు అంగుళాల మందం అనుకుంటే 1000 అడుగులకి 167 ఘనపుటడుగుల మాలు! దాని మీద వాటర్‌ప్రూఫింగ్, పిట్టగోడ మూలల్లో గుండ్రంగా తీసే పూత, వాన నీళ్ళ గొట్టాలు. స్లాబు కింద ప్లాస్టరింగు, ఫ్యాను బాక్సులు, కరెంటు పైపులు ఎవరి వంతో కూడా చెప్పించుకోండి.

ఇప్పుడు ఒక తెల్ల కాగితం తీసుకుని మందం, రాడ్ల సైజు, ఎంత దూరానికి ఒకటి, బీముల పొడవు, కాంక్రీటు గ్రేడు, కవరు, సజ్జల కొలత, విప్పే రోజు, వాలు పని రాయండి. ఆ కాగితమే ముగ్గురు మేస్త్రీలకి ఇచ్చి రేట్లు అడగండి. ముగ్గురి అంకెలూ దగ్గరకొస్తాయి. ఒక్కటి మరీ తక్కువగా ఉంటే ఏ వరుస దగ్గర తగ్గిందో అడగడం తేలిక.

డబ్బు విడతలుగా ఇవ్వండి. సెంట్రింగు అయ్యాక కొంత, ఇనుము కట్టి ఇంజనీరు చూసి సరే అన్నాక కొంత, పోత రోజు కొంత. చివరి విడత మాత్రం షీట్లు విప్పేదాకా మీ దగ్గరే ఉండాలి. విప్పగానే లైటు పట్టుకుని కింద నుంచి చూడండి. బీముల అడుగున గుల్లలు, బయటికి తేలిన రాడ్లు ఉంటే ఫోటో తీసి ఇంజనీరుకి పంపండి. ఆయన చెప్పినట్టు పూడ్చాకే లెక్క తేల్చండి.