పాల సంఘం పెద్దాయన జీవితం రాయాలంటే

సన్మాన పత్రాల జోలికి పోకండి, అన్నీ ఒకేలా ఉంటాయి. ఆయన గొడ్ల పాకకే వెళ్లండి, కానీ పాలు పితికే వేళ వద్దు, కొత్త మనిషిని చూస్తే గేదె చేపదు, అంటే పాలు దించదు, ఆయనకి చిరాకు. తేదీలు ఎవరికీ గుర్తుండవు కాబట్టి 1986 గోదావరి వరదకి ముందా తర్వాతా, 1996 నవంబరు తుఫానప్పుడు గొడ్లని ఏ గట్టు మీద కట్టారు, మేత ఎవరిచ్చారు అని అడగండి, మాట దానంతటదే వస్తుంది. ముర్రా జాతి దున్న ఊళ్లోకి ఎప్పుడొచ్చిందో, కోత మిషన్లొచ్చాక ఎండుగడ్డికి ఏం చేశారో రాసుకోండి. పాలకి ధర కట్టే వెన్న శాతం దగ్గర గొడవల్ని ఆయన ఎలా తీర్చాడో మాత్రం వదలొద్దు, పెద్దరికం తెలిసేది అక్కడే. పేడ తీసి కుడితి పెట్టిన ఆవిడని విడిగా అడగండి, సగం లెక్కలు ఆవిడ దగ్గరే ఉంటాయి. అప్పుల సంగతులుంటే ముందు ఇంట్లోవాళ్లకి చదివి వినిపించండి.