బెర్సెర్క్ ఏ వరుసలో చూడాలి: తికమకలు, వాటి కారణాలు, పరిష్కారాలు

కెంటారో మియురా 1989లో ధారావాహికగా మొదలుపెట్టిన బెర్సెర్క్ మాంగాకు (జపనీస్ బొమ్మల కథకు) నాలుగు యానిమే, అంటే జపనీస్ యానిమేషన్, రూపాలు ప్రధానంగా ప్రచారంలో ఉన్నాయి. మొదటిది 1997 అక్టోబరు నుంచి 1998 మార్చి దాకా ప్రసారమైన 25 ఎపిసోడ్ల టీవీ సిరీస్. రెండోది 2012, 2013 సంవత్సరాల్లో విడుదలైన మూడు సినిమాలు. మూడోది 2016, 2017లలో రెండు సీజన్లుగా వచ్చిన 24 ఎపిసోడ్ల సిరీస్. ఆ మూడు సినిమాలనే 13 ఎపిసోడ్లుగా కూర్చి, కొన్ని కొత్త సన్నివేశాలు చేర్చి 2022లో ప్రసారం చేసిన మెమోరియల్ ఎడిషన్ నాలుగోది. వీటిలో మూడు ఒకే కథను చెబుతాయి. 2016 సిరీస్ ఒక్కటే దాని తర్వాతి కథను చెబుతుంది. కొత్తగా చూసేవారికి ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు ఈ సంగతి ముందుగా తెలియకపోవడం వల్లనే వస్తాయి.

ఆ ఉమ్మడి కథను గోల్డెన్ ఏజ్ అంటారు. కిరాయి సైనికుడైన గట్స్, బ్యాండ్ ఆఫ్ ది హాక్ అనే దళానికి నాయకుడైన గ్రిఫిత్, ఆ దళంలోనే సేనానిగా ఎదిగిన కాస్కా, ఈ ముగ్గురి మధ్య బంధం ఎలా పెరిగింది, ఎలా తెగింది అన్నదే అందులోని విషయం. మాంగాలో ఆ తర్వాత వచ్చే వేల పుటల కథ మొత్తం ఆ బంధం మీదనే నిలబడి ఉంది. అందువల్ల గోల్డెన్ ఏజ్‌ను తొందరపెట్టే వరుస ఏదైనా, ఎంత సౌకర్యంగా కనిపించినా, మిగిలిన కథను బలహీనపరుస్తుందని నా నమ్మకం. కింది సూచనలన్నీ ఆ నమ్మకం మీదనే ఆధారపడ్డాయి. ముఖ్యమైన మలుపులను బయటపెట్టకుండానే వాటిని వివరించడానికి ప్రయత్నించాను.

సమస్య: అందరూ గట్స్‌ను ముందే ఎరిగినట్టు మాట్లాడుతున్నారు, నాకు మాత్రం ఎవరు ఎవరో తెలియడం లేదు

మీరు మొదలుపెట్టినది బహుశా 2016 సిరీస్ అయి ఉంటుంది. అన్ని రూపాలకూ బెర్సెర్క్ అనే పేరే ఉండటం వల్ల, పేరుతో వెతికినవారికి ముందుగా కనిపించినది ఏదైతే అదే మొదటి భాగమని అనుకోవడం సహజం. కానీ 2016 సిరీస్ గోల్డెన్ ఏజ్ ముగిసిన రెండేళ్ల తర్వాత మొదలవుతుంది. గట్స్ ఒక కన్ను, ఒక చేయి ఎందుకు పోగొట్టుకున్నాడో, మెడ మీది ముద్ర నుంచి రక్తం ఎందుకు కారుతుందో, రాత్రయితే ప్రేతాలు అతణ్ణి ఎందుకు చుట్టుముడతాయో ప్రేక్షకుడికి తెలిసే ఉంటుందన్న భరోసాతోనే అది నడుస్తుంది. గతాన్ని ముక్కలుగా గుర్తు చేస్తుందే తప్ప వివరించదు.

చూడబోయే ముందు పేరు కాక, విడుదల సంవత్సరాన్నీ ఎపిసోడ్ల సంఖ్యనూ సరిచూసుకోవాలి. బొమ్మను బట్టి గుర్తుపట్టాలని చూస్తే పొరపాటు పడే అవకాశం ఉంది, ఎందుకంటే 1997 సిరీస్ మొదటి ఎపిసోడ్‌లోనూ గట్స్ అదే పెద్ద కత్తితో, అదే ఇనుప చేతితో కనిపిస్తాడు. 2016 సిరీస్‌లో నాలుగైదు ఎపిసోడ్లు చూసేసినవారు అక్కడితో ఆపి 1997 సిరీస్‌కు వెళ్లడం మంచిది. కొన్ని సంగతులు ముందే తెలిసిపోయి ఉంటాయన్నది నిజమే గానీ, గోల్డెన్ ఏజ్ బలం చివరికి ఏమవుతుందన్న ఉత్కంఠలో లేదు. ఈ మనుషులు అక్కడిదాకా ఎలా వచ్చారన్నదే అందులో ప్రధానం కాబట్టి, ముగింపు తెలిసినవారికి కూడా అది తన పని తాను చేస్తుంది.

సమస్య: 1997 సిరీస్‌లో మొదటి ఎపిసోడ్‌కూ రెండో ఎపిసోడ్‌కూ పొంతన లేదు

మొదటి ఎపిసోడ్‌లో కఠినుడైన, ఒంటరి గట్స్ ఒక రాక్షసుడి పీడలో ఉన్న పట్టణానికి వస్తాడు. రెండో ఎపిసోడ్‌కు అతడు రెండు కళ్లూ రెండు చేతులూ ఉన్న కుర్రవాడు. ఎపిసోడ్ తప్పిపోయిందేమోనని వెనక్కి వెళ్లి వెతకవలసిన పని లేదు. మాంగా కూడా అంతే: మొదటి రెండు సంపుటాలూ, మూడో సంపుటంలో కొంతభాగమూ బ్లాక్ స్వార్డ్స్‌మన్ అనే వర్తమాన కథకు చెందుతాయి, ఆ తర్వాతే కథ గతంలోకి వెళ్లి 14వ సంపుటం దాకా అక్కడే ఉంటుంది. సిరీస్ ఆ నిర్మాణాన్ని ఒక్క ఎపిసోడ్‌కు కుదించింది, అంతే.

మొదటి ఎపిసోడ్‌ను వదిలేసి రెండో దానితో మొదలుపెట్టమని సలహా ఇచ్చేవారు ఉన్నారు. నేను ఆ సలహాతో ఏకీభవించను. ఈ కుర్రవాడు ఎలాంటివాడుగా మారబోతున్నాడో ముందే చూసిన ప్రేక్షకుడికి, హాక్ దళంలోని నవ్వులూ ఆటపట్టింపులూ కూడా గుండెను పట్టుకుంటాయి. మియురా కోరుకున్నది కూడా అదేనని మాంగా నిర్మాణమే చెబుతుంది. 25 ఎపిసోడ్లూ పూర్తయ్యాక మొదటి ఎపిసోడ్‌ను మరొకసారి చూడండి. అప్పుడు అది కథలో తన అసలు స్థానంలో కూర్చుంటుంది.

సమస్య: సిరీస్ చూశాక సినిమాలు పెడితే చూసిన కథే మళ్లీ వస్తోంది

ఇది పొరపాటు వరుస కాదు, పునరుక్తి. 1997 సిరీస్, సినిమాలు, మెమోరియల్ ఎడిషన్, మూడూ గోల్డెన్ ఏజ్‌కు రూపాలే కాబట్టి మొదటిసారి చూసేవారు వాటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఆ ఎంపికే ఈ వ్యవహారం మొత్తానికి కీలకం గనుక దాని గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

నవోహితో తకహాషి దర్శకత్వంలో ఓఎల్ఎమ్ స్టూడియో చేసిన 1997 సిరీస్‌కు డబ్బు తక్కువన్న సంగతి ప్రతి యుద్ధ సన్నివేశంలోనూ తెలుస్తుంది: కదలని చిత్రాల మీద కెమెరా జరుగుతుంది, సైన్యాలు తరచు నిశ్చలంగా నిలబడతాయి. అయితే ఆ సిరీస్‌కు దాదాపు పది గంటల వ్యవధి ఉంది, ఆ వ్యవధిని అది మనుషులకు కేటాయించింది. గట్స్ బాల్యం, అతణ్ణి పెంచిన గాంబినోతో అతడి సంబంధం, కొండ మీద మంటలను చూస్తూ కాస్కాతో అతడు మాట్లాడే రాత్రి, ఇవన్నీ అందులో తాపీగా సాగుతాయి. సుసుము హిరసావా కూర్చిన సంగీతం ఆ నిదానానికి సరిగ్గా సరిపోయింది. పక్ అనే చిన్న ఎల్ఫ్‌నూ (రెక్కల మాయాజీవినీ), పుర్రె ముఖంతో కనిపించే స్కల్ నైట్ అనే గుర్రపు యోధుణ్ణీ ఈ సిరీస్ పూర్తిగా తొలగించింది. అది నిజమైన లోపమే, దాని ప్రభావం చివర్లో కనిపిస్తుంది.

తోషియుకి కుబోఓకా దర్శకత్వంలో స్టూడియో 4°సి నిర్మించిన సినిమాలు దీనికి విరుద్ధంగా ఉంటాయి. డోల్డ్రే కోట ముట్టడి వంటి ఘట్టాల విస్తృతి, ఎక్లిప్స్ అని అందరూ పిలిచే చివరి ఘట్టంలోని దృశ్యబలం, స్కల్ నైట్ ఉనికి, ఇవి వాటి గొప్పతనం. కానీ మూడింటి నిడివీ కలిపినా సుమారు నాలుగున్నర గంటలే కావడంతో, బాల్యం దాదాపు కనుమరుగైంది, స్నేహం పెరగవలసిన చోట కథ పరుగెత్తింది. మెమోరియల్ ఎడిషన్ ఈ లోటును కొంత పూడ్చింది. మంటల రాత్రి సన్నివేశాన్ని కొత్తగా చేర్చడం వల్ల గట్స్, కాస్కా బంధానికి కావలసిన ఆధారం తిరిగి వచ్చింది.

కాబట్టి మొదటిసారి చూసేవారు 1997 సిరీస్‌ను ఎంచుకోవాలని నా సూచన. పాత చిత్రణను కళ్లు ఏమాత్రం ఒప్పుకోనివారు మెమోరియల్ ఎడిషన్ చూడవచ్చు. అది చూసినవారికి విడిగా సినిమాలు అవసరం లేదు. సిరీస్ నుంచి సినిమాలకు మారినప్పుడు గట్స్ జపనీస్ గొంతు మారినట్టు అనిపిస్తే అది మీ భ్రమ కాదు: 1997లో ఆ పాత్రకు గొంతునిచ్చినవారు నొబుతోషి కన్నా, సినిమాల్లోనూ 2016 సిరీస్‌లోనూ హిరోఆకి ఇవనాగా.

సమస్య: 1997 సిరీస్ నట్టనడుమ ఆగిపోయింది

నిజంగానే అది కథలోని అత్యంత భయంకరమైన క్షణం దగ్గర ఆగుతుంది. గట్స్ అక్కడి నుంచి ఎలా బయటపడ్డాడో చెప్పదు; చెప్పలేదు కూడా, ఎందుకంటే మాంగాలో అతణ్ణి ఆ చోటు నుంచి బయటికి తెచ్చేది సిరీస్ ముందే తొలగించిన స్కల్ నైట్. ఆ ఖాళీని రెండు విధాలుగా పూడ్చుకోవచ్చు. మూడో సినిమాలో ఎక్లిప్స్ దాటిన తర్వాతి చివరి భాగాన్ని చూడటం ఒక మార్గం. గట్స్ కోలుకోవడం, కాస్కా స్థితి, పెద్ద కత్తి అతడి చేతికి రావడం అందులో ఉన్నాయి. ఇంతకంటే మంచిది మాంగా 13, 14 సంపుటాలు చదవడం. సినిమాను మొదటి నుంచీ మళ్లీ చూడమని మాత్రం చెప్పను. ఎక్లిప్స్‌ను వెంటవెంటనే రెండుసార్లు చూడటం మనసుకు మంచిది కాదు.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక కూడా అవసరం. యానిమే అంటే పిల్లల బొమ్మల కార్యక్రమమనే అభిప్రాయం మన ఇళ్లలో ఇంకా బలంగా ఉంది. బెర్సెర్క్‌లో తీవ్రమైన హింస, లైంగిక హింస, పిల్లల మీద జరిగే దారుణాలు ఉన్నాయి. అవి ఎక్లిప్స్‌కు మాత్రమే పరిమితం కావు. హాలులో అందరూ కూర్చున్నప్పుడు పెట్టవలసిన సిరీస్ కాదు, చిన్నపిల్లలకు ఏ రూపంలోనూ తగినది కాదు.

సమస్య: 2016 సిరీస్‌లో బొమ్మ కుదుపుతోంది, కదలికలు అసహజంగా ఉన్నాయి

ఇంటర్నెట్ వేగాన్నీ, వీడియో నాణ్యతనూ మార్చి చూసినా ఇది పోదు. ఈ సిరీస్‌లో పాత్రలను చాలాచోట్ల కంప్యూటర్‌లో త్రిమితీయ బొమ్మలుగా తయారుచేసి, చేతితో గీసిన చిత్రాల మధ్య నిలబెట్టారు. కదలికలు మొరటుగా ఉండటం, కెమెరా అనవసరంగా తిరగడం, కత్తి తాకిడికి బరువు లేకపోవడం మూలంలోనే ఉన్న లోపాలు. మీ టీవీలో కదలికలను నునుపుచేసే సెట్టింగ్ వేసి ఉంటే దాన్ని ఆపండి. కొంత ఊరట దొరుకుతుంది గానీ లోపం పోదు. అసలు పరిష్కారం ఈ భాగాన్ని మాంగాలో చదవడమే. మియురా ఒక్కొక్క పుట మీద వెచ్చించిన శ్రమను చూసినవారికి ఈ మాట మళ్లీ చెప్పనక్కరలేదు.

సమస్య: సినిమాల తర్వాత వెంటనే 2016 సిరీస్ చూస్తే మధ్యలో ఏదో పోయినట్టుంది

పోయింది. పక్‌తో గట్స్ తొలి ప్రయాణాన్ని చెప్పే బ్లాక్ స్వార్డ్స్‌మన్ కథలో చాలాభాగాన్నీ, లాస్ట్ చిల్డ్రన్ అనే పూర్తి ఘట్టాన్నీ ఆ సిరీస్ దాటవేసి, ఫార్నీస్ అనే యువతి నడిపే మత సైనికుల దళం గట్స్‌ను వెంటాడే దగ్గరికి త్వరగా వెళ్లిపోయింది. 2016 సిరీస్ తెరిచే ముందు మాంగా మొదటి మూడు సంపుటాలనూ, 14 నుంచి 16 దాకా ఉన్న సంపుటాలనూ చదివితే ఆ ఖాళీ ఉండదు. జపనీస్ మాంగా కుడి నుంచి ఎడమకు సాగుతుందని తెలియకపోతే మొదటి కొన్ని పుటల్లో సంభాషణలు తలకిందులుగా అనిపిస్తాయి.

సంపుటాల సంఖ్య విషయంలోనూ చాలామంది ఇబ్బంది పడతారు. డార్క్ హార్స్ సంస్థ ఆంగ్లంలో తెచ్చిన పెద్ద డీలక్స్ పుస్తకాల్లో ఒక్కొక్క దానిలో మూడేసి సంపుటాలు ఉంటాయి. అందువల్ల 14వ సంపుటం కావాలంటే కొనవలసినది ఐదో డీలక్స్ పుస్తకం, 16వ సంపుటం ఆరో దానిలో ఉంటుంది. వాటి ధర తక్కువ కాదు కాబట్టి కొనేముందు ఈ లెక్క చూసుకోవడం అవసరం.

సమస్య: మూడో సీజన్ ఎంత వెతికినా దొరకడం లేదు

2017లో ముగిసిన రెండో సీజన్ తర్వాత కథను ముందుకు తీసుకువెళ్లే సీజన్ రాలేదు. యానిమే ద్వారా ఈ కథను చివరిదాకా చూడటం సాధ్యం కాదు. మిగిలినది మాంగాలోనే ఉంది. రెండో సీజన్ పూర్తిచేసినవారు 26వ సంపుటం నుంచి మొదలుపెడితే, చూసిన సంగతులు కొన్ని మళ్లీ వచ్చినా ఏదీ తప్పిపోదు. అది తొమ్మిదో డీలక్స్ పుస్తకంలో ఉంది. ఓపిక ఉన్నవారు 22వ సంపుటం నుంచే చదవాలని నా కోరిక, ఎందుకంటే చిన్న మంత్రగత్తె షీర్కె వంటి పాత్రలు కథలోకి వచ్చే తీరు పుటల మీద ఎంతో చక్కగా ఉంటుంది.

మాంగా కూడా ఇంకా ముగియలేదు. మియురా 2021 మే 6న, 54 ఏళ్ల వయసులో మరణించారు. ఆయన పేరుతో చివరగా వెలువడిన 364వ అధ్యాయం 41వ సంపుటంలో ఉంది. కథ ముగింపు గురించి మియురా నుంచే విన్న చిరకాల మిత్రుడు కౌజి మోరి పర్యవేక్షణలో, మియురా శిష్యులు పనిచేసే స్టూడియో గాగా 2022 జూన్ నుంచి ధారావాహికను కొనసాగిస్తోంది. ఆ అధ్యాయాలు 42వ సంపుటం నుంచి మొదలవుతాయి. మియురా చేతి గీత వరకే చదవాలనుకునేవారు 41 దగ్గర ఆగవచ్చు, గట్స్ ప్రయాణం ఎటు వెళ్తుందో తెలుసుకోవాలనుకునేవారు 42ను తెరవవచ్చు.