గుల్ల పోయినా గుంట మిగులుతుంది: అచ్చు శిలాజం చేసి చూడండి

మోల్డ్ ఫాసిల్ (అచ్చు శిలాజం) అంటే బూజు పట్టిన శిలాజం అనుకునేరు, కాదు. చవితికి మట్టి వినాయకుణ్ణి తీసే అచ్చు ఉంటుంది చూడండి, అలాంటిదే. కాకపోతే దాన్ని చేసింది బురద.

గీతలు బాగా తేలిన ఆల్చిప్ప ఒకటి, బంకమట్టి, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, కాస్త వంటనూనె ఉంటే చాలు. మట్టిని చపాతీ పిండిలా పిసికి మందంగా పరిచి, చిప్పకు నూనె రాసి, ఉబ్బెత్తు వైపు లోపలికి నొక్కి, నిటారుగా పైకి తీయండి. అటూ ఇటూ ఊపారో గీతలన్నీ చెరిగిపోతాయి, నావి మొదటి రెండూ అలాగే పోయాయి. మిగిలిన గుంటే బయటి అచ్చు.

ప్రకృతిలో చిప్పను పైకి తీసేవాళ్లు ఎవరూ ఉండరు, అదే కరిగిపోతుంది. సముద్రం అడుగున బురదలో కూరుకుపోయిన గుల్ల మీద పొరలు పేరుకుని రాయిగా గట్టిపడ్డాక, కొంచెం ఆమ్లం ఉన్న భూగర్భజలం ఇంకుతూ వచ్చి గుల్లలోని కాల్షియం కార్బొనేట్‌ను మెల్లగా తినేస్తుంది. నమ్మకం కలగకపోతే కోడిగుడ్డు పెంకు ముక్కను వెనిగర్‌లో వేయండి, బుడగలు మీకే కనిపిస్తాయి.

ఇప్పుడు రెండు వంతుల ప్లాస్టర్‌కు ఒక వంతు నీళ్లు కలిపి గుంటలో పోయండి. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, టెన్షన్ పడొద్దు. మిగిలింది మాత్రం సింకులో పోయకండి. గంట తర్వాత ఊడదీస్తే వచ్చేది పోత, భూమిలో ఈ పని ఖనిజాలు చేస్తాయి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో కప్పబడిపోయిన ఇటలీ నగరం పాంపేయి మనుషుల ఆకారాలను 1863లో పురావస్తు శాస్త్రవేత్త జుసెప్పె ఫియొరెల్లి బయటికి తెచ్చింది కూడా ఇలాగే, శరీరాలు శిథిలమై మిగిలిన ఖాళీల్లో ప్లాస్టర్ పోయించి.

అచ్చును చదివేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇక్కడ అంతా తిరగబడి ఉంటుంది, గుల్ల మీది గట్టు అచ్చులో గాడి అవుతుంది. బయటి అచ్చు గీతలు, ముళ్లు చూపిస్తుంది. గుల్ల లోపల నిండిన బురద గట్టిపడితే అది లోపలి అచ్చు, నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే చిప్పను మూసే కండరం అతుక్కున్న మచ్చ కూడా అందులో దొరుకుతుంది, అంటే ఎప్పుడో పోయిన జీవి మెత్తటి శరీరం గురించి రాయి చెబుతోందన్నమాట.

మీ పూజగదిలో గండకీ నది సాలగ్రామం ఉందా? పెద్దవాళ్లను అడిగి, దాని రంధ్రంలోకి టార్చ్ వేసి చూడండి. చాలావాటిలో కనిపించే ఆ చక్రం అమ్మోనైట్ గుల్ల వదిలిన ముద్రే. అమ్మోనైట్లు సముద్రజీవులు, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటే అంతరించాయి. ఇప్పుడు హిమాలయాలున్న చోట అప్పట్లో సముద్రం ఉండేది.