ఆఫ్రికా సఫారీకి పోతున్నారా? ముందు స్వెటర్ పెట్టుకోండి

ఆఫ్రికా అనగానే మన పాలమూరోళ్లకు గుర్తొచ్చేది ఎండ. మేం ఆగస్టులో కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి పోయినప్పుడు మా అక్క సర్దుకున్న పెట్టెలో నాలుగు పలుచటి కాటన్ చీరలు, ఒక గొడుగు, రెండు సన్‌స్క్రీన్ ట్యూబులు ఉన్నాయి, స్వెటర్ మాత్రం లేదు. పొద్దున ఆరింటికి పైకప్పు లేపిన బండిలో పోతుంటే పళ్లు టకటకా కొట్టుకున్నాయి. క్యాంపువాళ్లు ఇచ్చిన దుప్పటి నెత్తి మీద నుంచి కప్పుకుని, మొదటి సింహాన్ని ఆ దుప్పటి సందులోంచే చూసింది పాపం. మారా దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంటుంది, భూమధ్యరేఖ పక్కనే అయినా తెల్లవారుజామున మన జనవరి చలికి తక్కువేం కాదు, మధ్యాహ్నానికి మళ్లీ ఎండ. కాబట్టి ఒకదాని మీద ఒకటి వేసుకుని ఎండెక్కేకొద్దీ విప్పేసే బట్టలు కావాలి. ఒక టీషర్టు, దాని మీద ఫుల్‌హ్యాండ్ చొక్కా, ఆ పైన స్వెటర్, చెవులకు ఒక మఫ్లర్.

బట్టల సంగతి తర్వాత, అన్నిటికంటే ముందు ఎల్లో ఫీవర్ టీకా. ఇది మన దగ్గరి పచ్చకామెర్లు కాదు, దోమ కుడితే వచ్చే జబ్బు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, కాబట్టి రేపు ఫ్లైటనగా ఇవాళ పరుగెత్తితే లాభం లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ఏయే రోజులు వేస్తారో కనుక్కుని, పాస్‌పోర్ట్ పట్టుకుని పోండి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. తిరిగొచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్, అంటే పసుపు కార్డు, లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే పట్టుకుని ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. అరవై దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు మాత్రం ముందు డాక్టర్‌ని అడగాలి.

కెన్యాకు 2024 జనవరి నుంచి వీసా లేదు, దాని బదులు ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. అచ్చం ప్రభుత్వ సైట్‌లా కనిపించి ఎక్కువ డబ్బులు గుంజే సైట్లు ఉన్నాయి, జాగ్రత్త. ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడు పార్కు ఫీజు అందులో ఉందా లేదా అని కాగితం మీద రాయించుకోండి. ఎందుకంటే మారాలో విదేశీ పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబర్ దాకా 200. అడవి బర్రెలలాంటి వైల్డ్‌బీస్ట్ మందలు మొసళ్లున్న మారా నదిని దాటేది జూలై, అక్టోబర్ మధ్యలో, అందుకే ఆ రేటు. నలుగురు మూడు రోజులు ఉంటే లెక్క మీరే వేసుకోండి.

పెట్టె గురించి గట్టిగా చెప్తున్నా, చక్రాల గట్టి సూట్‌కేసు వద్దు. నైరోబీ నుంచి మారాకు చిన్న విమానంలో పోతే చేతిసంచితో కలిపి మామూలుగా 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులోనే. మా బావ కొత్త సూట్‌కేసు ఆ విమానం పొట్టలో పట్టలేదు. బట్టలన్నీ కౌంటర్ పక్కన నేల మీద గుమ్మరించి, ఎవరి బ్యాగులో సందుంటే దాంట్లో కుక్కి, ఖాళీ పెట్టెను నైరోబీలోనే వదిలి పోయాం. రోడ్డున పోతే ఈ బాధ లేదు గానీ ఐదారు గంటలు పడుతుంది, చివర్లో నడుములు విరుగుతాయి.

ఇంకో సంగతి, ప్లాస్టిక్ కవర్లు. మనం చెప్పులకో కవరు, తడి బట్టలకో కవరు, పచ్చడి సీసాకు మూడు కవర్లు చుడతాం. కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. పాత చీర చింపి గుడ్డ సంచులు కుట్టించుకోండి, సకినాలు, అటుకుల చుడువ స్టీలు డబ్బాలో పోసుకోండి. డబ్బా మూత గట్టిదై ఉండాలి, అక్కడి కోతులు మన శ్రీశైలం రోడ్డు కోతులకు ఏమాత్రం తీసిపోవు.

రంగుల్లో ఖాకీ, మట్టి రంగు, ముదురాకుపచ్చ మంచివి. నీలం, నలుపు వద్దు, సెట్సీ అనే కుట్టే ఈగలు ఆ రంగులకే వస్తాయి, వాటిని పట్టే బోనులు కూడా నీలం, నలుపు గుడ్డతోనే చేస్తారు. మిలిటరీ డిజైన్ బట్టలు ఆఫ్రికాలో చాలా దేశాల్లో చట్టప్రకారమే కుదరవు.

కెమెరా ఉన్నవాళ్లకు నేను చేసిన ఒక పని చెప్తా. పాత జీన్స్ ప్యాంటు కాలు ముక్కను క్లాక్ టవర్ దగ్గర దర్జీకిచ్చి, ఒక వైపు జిప్పు పెట్టి దిండులా కుట్టించా. ఖాళీగా తీసుకుపోయి, అక్కడ క్యాంపు వంటగదిలో రెండు కిలోల బియ్యం అడిగి నింపుకున్నా. బండి అంచు మీద ఆ సంచి పెట్టి దాని మీద లెన్స్ ఆనిస్తే చెయ్యి వణకదు. వచ్చేటప్పుడు బియ్యం వంటగదికి ఇచ్చేసి సంచి మడిచి తెచ్చుకున్నా. కెమెరా లేనివాళ్లు కనీసం బైనాక్యులర్ అన్నా కొనుక్కోండి, 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది) చాలు, ఇంట్లో అందరికీ ఒకటే అంటే మాత్రం కొట్లాటే. డ్రోన్ ఇంట్లోనే వదిలిపోండి. ప్లగ్గుకు మూడు చదరపు పిన్నుల అడాప్టర్ కావాలి.

పోయే ముందు ఒకసారి అచ్చంపేట దాటి మన్ననూరు పోయి, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ సఫారీ చేసి రండి. పులి కనబడుతుందని కాదు, బహుశా కనబడదు కూడా. రెండు మూడు గంటలు నోరు మూసుకుని బండిలో కూర్చోవడం, కదులుతున్న బండిలో బైనాక్యులర్ పట్టుకోవడం, ఫరహాబాద్ దగ్గర దూరంగా కదిలే చుక్క ఏంటో పోల్చుకోవడం, ఇవన్నీ అక్కడ అలవాటవుతాయి. మారాలో మొదటి రోజు మా పిల్లలు "అగో సింగం!" అని ఒక్కసారిగా అరిస్తే అది లేచి గడ్డిలోకి పోయింది, డ్రైవర్ ఏమీ అనలేదు గానీ మొహం చిన్నబుచ్చుకున్నాడు. బండిలో కుదురుగా ఉన్నంతసేపు జంతువులు మనల్ని పెద్దగా పట్టించుకోవు, చేతులు బయట పెట్టినా, కిందికి దిగినా కథ మారిపోతుంది. బాత్రూమ్ అవసరమైతే మొహమాటపడకుండా ముందే డ్రైవర్‌కు చెప్పండి, చోటు చూసి ఆపుతాడు. చిరుతను, చీతాను కలిపేయకండి, కళ్ల నుంచి నోటి దాకా నల్లటి చార ఉంటే చీతా.

తిండికి భయం లేదు. ఉగాలీ అంటే మన మక్క గట్కే, ఇంకాస్త గట్టిగా ఉంటుంది. చపాతీని చపాతీ అనే అంటారు, చాయ్‌ని చాయ్ అనే.

మలేరియా మాత్రలు డాక్టర్ రాసిస్తేనే వాడండి. కొన్ని రకాలు ఇంటికొచ్చాక కూడా వారం, కొన్ని నాలుగు వారాలు మింగాలి, మధ్యలో ఆపేయొద్దు. వచ్చిన కొన్ని నెలల్లో ఎప్పుడు జ్వరమొచ్చినా మెడికల్ షాపులో గోళీ కొనుక్కుని ఊరుకోకుండా, డాక్టర్ దగ్గరికి పోయి మొదటి మాటగా ఆఫ్రికా పోయొచ్చామని చెప్పండి.