పాత ట్రాక్టర్ విప్పినప్పుడు ఏవి మార్చాలి, ఏవి ముట్టుకోకూడదు

పాత ట్రాక్టర్ రిపేరులో అసలు తలనొప్పి విప్పాక మొదలవుతుంది. ఎలాగూ విప్పాం కదా, ఇదీ మార్చేద్దాం, అదీ మార్చేద్దాం అని పోతే క్లచ్ కోసం విప్పిన బండి ఇంజన్ దాకా ఊడి నెలల తరబడి షెడ్డులో పడి ఉంటుంది. అలాగని అరిగిన ఒక్క భాగం మార్చి బిగించేస్తే, దాని పక్కనున్న చిన్న సీల్ కారడం మొదలై మళ్ళీ మొత్తం విప్పిస్తుంది.

నేను చూసే లెక్క పాతదా కొత్తదా అని కాదు. రేపు అది పోతే దాని దగ్గరకి చేరడానికి ఎంత విప్పాలి, పోతూ పోతూ పక్కదాన్ని కూడా పాడు చేస్తుందా, ఈ రెండే. లోపల ఉండి చవకగా దొరికేది ఇప్పుడే మార్చాలి. బయట ఉండి అరగంటలో ఊడొచ్చేది పోయాకే చూసుకోవచ్చు. ఖరీదైనది, బాగానే పనిచేస్తున్నది అయితే కొలిచి చూసి వదిలేయాలి.

ఇంజన్ అరుస్తోంది, బండి లాగడం లేదు

లోడు పడగానే ఇంజన్ రేస్ అవుతుంది, చక్రం మాత్రం తిరగదు, కాలిన వాసన వస్తుంది. క్లచ్ జారుతోందన్నమాట. విప్పే ముందు పెడల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ మీద బలం పడే ముందు పెడల్‌లో ఉండే ఖాళీ ఆట, చూడండి. పెడల్‌లో ఆట లేకపోతే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసేది) ఎప్పుడూ ఫింగర్లకి (అది నొక్కే లివర్లకి) ఆనుకునే ఉండి, మంచి ప్లేటు కూడా జారుతుంది. అది రాడ్డు అడ్జస్ట్ చేస్తే పోయే సమస్య, పానా పని పది నిమిషాలు.

ఆట సరిగ్గా ఉన్నా జారుతుంటే బండిని మధ్యలో విడదీయక తప్పదు. విడదీయగానే ఏదీ తుడవకండి, ముందు లోపల ఎలా ఉందో చూడండి. ఎండు దుమ్ము మాత్రమే ఉంటే ప్లేటు వయసైపోయి అరిగింది. నల్లటి పలచటి ఆయిల్ ఉంటే క్రాంక్ వెనక సీల్ కారుతోంది. చిక్కగా, గేర్ ఆయిల్ వాసనతో ఉంటే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్. ఏది కారినా, అసలు ఏదీ కారకపోయినా సరే, ఆ రెండు సీళ్ళూ, రిలీజ్ బేరింగూ, పైలట్ బేరింగూ (ఇన్‌పుట్ షాఫ్ట్ ముందు కొన తిరిగేది) మార్చేయండి. ఈ నాలుగింటి ఖర్చు మళ్ళీ బండి విడదీసే కూలి ముందు ఎంతో తక్కువ. పీటీఓకి (పనిముట్లని తిప్పే వెనక షాఫ్ట్‌కి) వేరే ప్లేటు ఉన్న డబుల్ క్లచ్ అయితే ఆ ప్లేటు కూడా ఇప్పుడే చూసుకోవాలి, అది ఇంకో ఏడాది వస్తుందా అనే అనుమానం ఉన్నా మార్చేయడమే.

విప్పక ముందు వచ్చిన చప్పుడు గుర్తు పెట్టుకుంటే బాగా పనికొస్తుంది. పెడల్ తొక్కితే వచ్చే గీరే చప్పుడు రిలీజ్ బేరింగ్‌ది. న్యూట్రల్‌లో వస్తూ తొక్కగానే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద అనుమానపడాలి, అప్పుడు గేర్‌బాక్స్ ముందు భాగం కూడా చూడాల్సిందే. గేర్ వేసి పెడల్ పూర్తిగా తొక్కి ఉంచినప్పుడే అరిస్తే అది పైలట్ బేరింగ్ కావచ్చు.

కొత్త సీల్ వేసినా కారుతోంది అని చాలామంది తల పట్టుకునే చోటు ఒకటుంది. పాత సీల్ పెదవి ఆనిన చోట షాఫ్ట్ మీద సన్నటి గాడి పడి ఉంటుంది. గోరు అడ్డంగా లాగి చూడండి, తట్టుకుంటే ఎంత మంచి సీల్ వేసినా అక్కడ ఆయిల్ ఆగదు. వీలుంటే సీల్‌ని ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరిపి కొత్త చోట ఆనేలా కూర్చోబెట్టాలి, లేదంటే ఆ గాడి మీద సన్నటి స్లీవ్ ఎక్కించాలి. ఇంకోటి, ఇంజన్ బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) మూసుకుపోయి ఉంటే లోపలి ఒత్తిడే ఆయిల్‌ని సీల్ గుండా బయటికి తోస్తుంది. అది శుభ్రం చేయకుండా సీల్ మార్చడం దండగ.

ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, సన్న పగుళ్ళు ఉంటే ఎంతవరకు ఉన్నాయో చూపించి లేత్ మీద సాఫు చేయించండి, పగులు లోతుగా ఉంటే మాత్రం మార్చాలి. ఫ్లైవీల్ చుట్టూ ఉండే రింగ్ గేర్ పళ్ళు కూడా చూడాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగేటప్పుడు దాదాపు రెండు చోట్లే ఆగుతుంది, మూడు సిలిండర్లది మూడు చోట్ల, అందుకే సెల్ఫ్ మోటార్ ఎప్పుడూ ఆ పళ్ళనే తింటుంది. ఆ కొన్ని చోట్లే అరిగి మిగతా పళ్ళు బాగుంటే రింగుని వేడి చేసి తీసి, కొంచెం తిప్పి మళ్ళీ ఎక్కించవచ్చు. ఫ్లైవీల్ వెనక ఇంజన్ బ్లాకుకి నీటి డమ్మీ ప్లగ్ (నీటి దారిని మూసే రేకు బిళ్ళ) ఉంటే స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి, తుప్పుకి మెత్తబడి ఉంటే వదలొద్దు. అది తర్వాత పోతే ఆ చిల్లర ముక్క కోసం బండి మళ్ళీ రెండు ముక్కలవ్వాలి.

ఆయిల్ పాలలా తెల్లగా మారింది

ఆయిల్ పోసే మూత కింద మాత్రమే కాస్త తెల్ల నురగ ఉండి, డిప్ స్టిక్ మీద ఆయిల్ మామూలుగా ఉంటే కంగారు పడకండి. బండి సరిగ్గా వేడెక్కకుండా కొద్దికొద్దిసేపు నడిపినా ఆ తేమ చేరుతుంది. స్టిక్ మీదే తెల్లగా ఉండి, ఆయిల్ లెవెల్ పెరుగుతూ రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే మాత్రం ఇంజన్ స్టార్ట్ చేయకూడదు, ఆ ఆయిల్‌తో బేరింగులు బతకవు.

చాలామంది వెంటనే హెడ్ ఎత్తేస్తారు. దానికంటే ముందు కింది ఆయిల్ చాంబర్ దించండి. అడుగున శుభ్రమైన అట్ట పరిచి, రేడియేటర్‌ని నీళ్ళతో నింపి, దాని మూత మీద రాసిన ప్రెషర్ వరకు పంపుతో గాలి పెట్టి వదిలేయండి. లైనర్ (పిస్టన్ కదిలే గొట్టం) బయటి అంచు నుంచి, అంటే లైనరూ బ్లాకూ కలిసే చోటు నుంచి చుక్క రాలితే కింది ఓ-రింగులు పోయాయి. లైనర్ లోపలి గోడ మీదుగా, పిస్టన్ పక్క నుంచి జారితే హెడ్ గ్యాస్కెట్, హెడ్ పగులు, లేదా లైనర్‌కే సూది బెజ్జం. అట్ట మీద తడి ఎక్కడ పడిందో చూస్తే ఏ సిలిండరో తెలిసిపోతుంది.

ఓ-రింగుల కోసం ఒక్క లైనర్ తీయాల్సి వచ్చినా అన్నిటి ఓ-రింగులూ మార్చండి. అన్నీ ఒకేసారి వేసిన రబ్బరు, ఒకటి గట్టిపడితే మిగతావీ ఆ దారిలోనే ఉంటాయి. హెడ్ గ్యాస్కెట్, పిస్టన్ రింగులు, కనెక్టింగ్ రాడ్ బేరింగులు కూడా ఈ విడతలోనే. పిస్టన్లు, లైనర్లు మాత్రం కొలిచాకే. లైనర్ పైభాగంలో రింగు తిరిగి ఆగే చోట గోరుకి మెట్టు తగిలితే కొత్త రింగులు వేసి లాభం లేదు, లైనర్ కిట్టే వేయాలి. లైనర్ బయటి గోడ మీద సూదితో గుచ్చినట్టు గుంటలు ఉన్నాయేమో చూడండి, లోతుగా ఉంటే లోపల ఎంత నున్నగా ఉన్నా పక్కన పెట్టేయాలి. కొత్త లైనర్ బ్లాకు పైకి ఎంత లేవాలో మాన్యువల్‌లో ఉంటుంది, అది కొలవకుండా హెడ్ బిగిస్తే కొత్త గ్యాస్కెట్ కూడా నిలవదు.

వేడెక్కితే ఆయిల్ ప్రెషర్ పడిపోతోంది

డ్యాష్‌బోర్డు గేజ్‌ని నమ్మి ఇంజన్ విప్పొద్దు. ముందు వేరే మెకానికల్ గేజ్ పెట్టి చూడాలి. ఆయిల్ వాసన చూడండి, డీజిల్ కలిసి పలచబడి ఉండొచ్చు, అప్పుడు ఫీడ్ పంపు (డీజిల్ తోసే పంపు) డయాఫ్రమ్ లాంటి వాటిలో కారణం వెతకాలి. ఇవేవీ కాకపోతే చాంబర్ దించి, ఒక రాడ్ క్యాప్, ఒక మెయిన్ క్యాప్ విప్పి షెల్స్ (బేరింగ్ అర్ధచంద్ర ముక్కలు) చూడండి. పైపొర అరిగి కింద రాగి రంగు కనిపిస్తుంటే అన్నీ మార్చాలి, కానీ క్రాంక్ కొలవకుండా ఏదో ఒక సైజు షెల్స్ తేవద్దు. స్ట్రైనర్ కడగడం, రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ చూడటం ఎలాగూ చేయాలి. టైమింగ్ గేర్లు, క్యామ్ బుష్‌ల జోలికి ఊరికే పోవద్దు.

వేడెక్కిపోతోంది

రేడియేటర్ రెక్కల్లో చెత్త, ఫ్యాన్ బెల్టు వదులు, ముందు ఇవి. వాటర్ పంపు మారుస్తుంటే థర్మోస్టాట్, బెల్టు, రెండు హోసులు కలిపి మార్చండి. హోసుని క్లాంపు దగ్గర పిండి చూడండి, మెత్తగా నలిగినా, చిన్న పగుళ్ళు కనిపించినా దాని పని అయిపోయింది. బాగున్న రేడియేటర్ మాత్రం మార్చొద్దు, శుభ్రం చేయిస్తే చాలు.

స్టార్ట్ అవడానికి ఏడిపిస్తోంది

ఇక్కడ అనవసరంగా మార్చేవే ఎక్కువ. బ్యాటరీ టెర్మినళ్ళు, ఎర్త్ కేబుల్, డీజిల్ లైన్లో గాలి, ఈ మూడూ తేలకముందే డీజిల్ పంపు మీద చేయి వేయకండి. పంపుని ముందుజాగ్రత్త పేరుతో అస్సలు విప్పకూడదు, ఒకసారి విప్పితే టెస్ట్ బెంచ్ మీద మళ్ళీ సెట్ చేయించాల్సిందే. ఇంజెక్టర్లు తీసి టెస్ట్ చేయించండి, స్ప్రే బాగుంటే అవే వేయండి. కింది రాగి వాషర్లు మాత్రం ప్రతిసారీ కొత్తవే.

ఇక్కడే ఇంకో మాట. బాగున్న ఒరిజినల్ భాగం తీసేసి దాని స్థానంలో చవక నకలు వేయడం ముందుజాగ్రత్త అనిపించుకోదు. మంచి కంపెనీ బేరింగ్ దొరక్కపోతే, ఆట లేకుండా తిరుగుతున్న పాతదాన్నే కడిగి గ్రీజు పెట్టి వేయడం మేలు. రబ్బరు సీళ్ళకి ఈ మినహాయింపు లేదు, తీసిన సీల్ మళ్ళీ వేయకూడదు.

బ్రేకు ఒకవైపే పట్టేస్తోంది

పట్టనివైపు డ్రమ్ము విప్పితే లైనింగ్ మీద ఆయిల్ ఉంటుంది చాలాసార్లు. వెనక యాక్సిల్ సీల్ పోయింది. ఆయిల్ పీల్చిన లైనింగ్ కడిగినా పనిచేయదు, మార్చాలి. లైనింగ్ రెండు వైపులా కలిపే మార్చాలి, ఒకవైపు కొత్తది ఇంకోవైపు పాతది ఉంటే మళ్ళీ బండి పక్కకి లాగుతుంది.

లిఫ్ట్ ఎత్తుతుంది, నిలవదు

ముందు హైడ్రాలిక్ ఆయిల్ లెవెల్, ఫిల్టర్ చూడండి. పనిముట్టు ఎత్తి ఇంజన్ ఆపండి. ఎత్తడం బాగానే ఉండి, ఆపాక మెల్లగా దిగిపోతే పంపు తప్పు కాదు, సిలిండర్ పిస్టన్ సీల్ గానీ, కంట్రోల్ వాల్వ్ గానీ వదులుతోంది. అసలు ఎత్తడమే నెమ్మదిగా, వణుకుతూ ఉంటే పంపు వైపు, ఆయిల్ పీల్చే దారి వైపు వెళ్ళాలి. లిఫ్ట్ కవర్ ఎత్తితే పిస్టన్ సీల్, కనిపించే ఓ-రింగులన్నీ, కవర్ ప్యాకింగ్ కొత్తవి వేయండి. కవర్ బరువు చాలా ఎక్కువ, చెయిన్ బ్లాక్ లేకుండా ఎత్తొద్దు. ఎత్తే ముందు పనిముట్టు నేల మీదకి దించి, లిఫ్ట్ చేతుల మీద లోడు లేకుండా చూసుకోండి.